గేటు రిజిస్టరు ఆఖరి పేజీలు

జనవరి ఒకటి. రాత్రి డ్యూటీ దిగి
ముఖమన్నా కడుక్కోకుండా
వెనక తలుపు తీస్తా,
మొదటి పిట్ట మంచిది కనబడాలని.
తొమ్మిదేండ్లుగా మొదటి పేరు కాకే.
పోయినేడు పంతం పట్టి
అరుపు వినబడినా తలెత్తకుండా
గోంగూర మళ్లోనే చూపు నాటుకొని నిలబడితే
ఆ కాకే దిగొచ్చి
నా చెప్పు పక్కన వాలింది.
రాసుకోక ఏం చేస్తా.

కడప నుంచి రైలుకట్ట వెంబడి వస్తే
ఒంటిమిట్ట ఇంకా రాకముందే
ఎర్రమట్టి దోవ పట్టాలు దాటే చోట నా గేటు.
గేటు పక్కన గది, గది వెనక తోట.
తోటంటే ఏముంది,
కొళాయి కారే నీళ్లకు బతికిన రెండు అరటిచెట్లు,
ఆముదం, బొప్పాయి, నాలుగు మిరప మొక్కలు,
కడప బండలు నిలువునా పాతిన కంచె.
అవతల కలివి పొదలు. ఆ పైన కొండ.

నియమాలు నావే.
కంచె లోపల వాలితేనే లెక్క.
కరెంటు తీగ మీద కూర్చున్నా లెక్కే,
తీగ నీడ నా మిరపల మీద పడుతుంది గనక.
పైన ఎగిరిపోయేది లెక్కలోకి రాదు.
ఆగకుండా పోయిన మెయిలును
మా ఊరికొచ్చిందని ఎవరంటారు?
గొంతు వినబడితే చాలదు.
ఇక్కడే కీమ్యాన్ మహబూబ్ పీరాకూ నాకూ పేచీ.
"ఫోన్లో స్టేషన్ మాస్టరు గొంతు విని గేటు వేస్తావే,
ఆయన మొగం ఎప్పుడన్నా చూసినావా?
కోయిలకు మాత్రం మొగం కావాల్నా?"
ఆ ఏడు కోయిలను పెన్సిలుతో రాసినా.
జూన్‌లో బొప్పాయి ఆకుల సందున ఎర్రకన్ను కనబడినాక
దాని మీదే పెన్నుతో దిద్దినా.

మొదటేడు పదకొండే.
పిట్టలు లేక కాదు, పేర్లు తెలీక.
'పచ్చది, తోక సన్నం' అని రాసుకుంటే
పసిరిక పిట్ట అన్నాడు గొర్రెల ఓబయ్య.
'తల మీద విసనకర్ర'ను కూకుడు గువ్వ అన్నాడు.
'ఊరికే తిట్టేది' దగ్గర ఆగి నవ్వినాడు.
గోరింకకు అంతకన్నా సరైన పేరు లేదంట.

అన్నిటికన్నా ఎక్కువ నలభై ఒకటి,
చెయ్యేరు పొంగిన ఏడు.
రైళ్లు నిలిచిపోయిన ఆ వారం
పట్టాల మీద కొంగలు నడిచినాయి.
అరటి మొదట్లో నారాయణ పక్షి
ఒంటికాలి మీద పొద్దంతా నిలబడింది.
అదే వారం మా చిన్నమ్మోళ్ల గొడ్లు కొట్టుకపోయినాయి.
ఆ అంకె కింద గీత గీయబుద్ధి కాలేదు.

ఒక పేరు మాత్రం రాయలేదు.
మార్చి నెల, రాత్రి రెండున్నర.
గూడ్సుకు పచ్చదీపం పట్టుకొని నిలబడినా.
తోటలో ఏదో నడిచింది.
ఎగరలేదు, నడిచింది.
పొడుగు కాళ్లు, పెద్ద కన్ను,
రొమ్మున రెండు పట్టీలు.
దీపం ఇటు తిప్పితే తేలిపోయేది.
ఆ దీపం నాది కాదు, డ్రైవరుది.
యాభై ఎనిమిది పెట్టెలు దాటేదాకా
చెయ్యి కదిలించలేదు.
తిరిగి చూస్తే అరటి నీడ.
"కలివి కోడే అయ్యుంటాది, రాసెయ్యి,
చూసినావు కదా" అన్నాడు పీరా.
చూసినాను.
రాసేంత చూళ్లేదు.

ఈ ఆగస్టుకు కింది వంతెన తెరుస్తారు.
గేటు ఎత్తేస్తారు.
ఛార్జి అప్పగించే కాగితంలో
చేతిదీపాలు రెండు, ఎర్రజెండాలు రెండు,
పచ్చజెండా ఒకటి, పటాసులు పది,
గొలుసు, తాళం, గోడ గడియారం.
"ఇంకేమన్నా ఉందామ్మా?" అన్నాడు ఇంజనీరు సారు.
లేదన్నా.

ఈ ఏటి లెక్క ముప్పై మూడు దగ్గర ఉండాది.
చలికాలం పిట్టలు వచ్చేసరికి
నేను ముద్దనూరులో ఉంటా.
ఆడ గది వెనక తోట లేదంట,
ఒక కిటికీ ఉందంట.
నియమాలు మళ్లీ రాసుకోవాల.
"కాకి యాడైనా ఉంటాదిలే" అన్నాడు పీరా.

కొళాయి కారుతోందని మూడేండ్లుగా అర్జీలు పెడుతున్నా.
మొన్న మనిషి వచ్చినాడు,
జేబులో కొత్త వాచరు వేసుకొని.
టీ ఇచ్చి,
ఇప్పుడొద్దులే నాయనా అని
పంపించినా.